ఇన్‌బాక్స్‌లో చెత్త: ఊడ్చేదెలా, పంపినవాణ్ణి నిలదీసేదెలా

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక పీజీలో మా పిన్ని కొడుకు ఉండేవాడు. బీటెక్ ముగించి, మదనపల్లె నుంచి ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చాడు. ఐదో నెలలో ఒక ఆదివారం ఫోన్ నా చేతికిచ్చి, "అక్కా, ఈ మెయిల్ చూడక్కా. తేదీ చూడు" అన్నాడు. ఇంటర్వ్యూకి రమ్మని ఒక కంపెనీ పంపిన పిలుపు అది. గడువు దాటి తొమ్మిది రోజులైంది. స్పామ్ ఫోల్డర్‌లోకి కూడా పోలేదు, ఇన్‌బాక్స్‌లోనే ఉంది. లోన్ ఆఫర్లు, కోర్సుల ప్రకటనలు, "మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది" అనే దొంగ మెయిళ్ల కింద పూడిపోయింది. చదవని మెయిళ్లు ఆరు వేల పైచిలుకు.

నేను ఈ ఊళ్లో పదకొండేళ్లుగా మెయిల్ సర్వర్ల పని చేస్తున్నాను. రోజంతా ఆఫీసులో ఇతరుల చెత్త ఊడుస్తూ, ఇంటి పిల్లవాడి ఇన్‌బాక్స్ ఒక్కసారీ తెరిచి చూడలేదే అని ఆ రోజు చాలా బాధపడ్డాను. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని చేసిన పనే వరసగా ఇక్కడ రాస్తున్నాను. మనలో ఎక్కువమందిది జీమెయిలే కాబట్టి దాని మాటల్లోనే చెబుతాను. అవుట్‌లుక్, యాహూల్లోనూ ఇవే సదుపాయాలు కాస్త వేరే పేర్లతో ఉంటాయి.

ముందు మూడు కుప్పలు చేయండి

బెంగళూరులో ఇంటి చెత్తనే తడి, పొడి అని వేరుచేసి ఇస్తున్నాం. మెయిల్ చెత్తనూ అలాగే వేరు చేయాలి, ఎందుకంటే ఒక కుప్పకు పనికొచ్చే మందు ఇంకో కుప్పకు విషం.

మొదటి కుప్ప, మీరే ఎప్పుడో అడ్రసు ఇచ్చినవాళ్లది. బట్టల షాపు, ఫుడ్ యాప్, జాబ్ పోర్టల్, క్రెడిట్ కార్డు. విసిగిస్తారు, నిజమే. కానీ వాళ్లకు పేరూ ఊరూ ఉన్నాయి, మానమంటే మానుతారు. రెండో కుప్ప ముక్కూ మొహం తెలియనివాళ్లది. మీ అడ్రసు ఎక్కడో కొనుక్కున్నారు. మూడోది మోసగాళ్లది. బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్, కొరియర్, హెచ్‌ఆర్ వేషాల్లో వస్తారు.

మొదటి కుప్పకు అన్‌సబ్‌స్క్రైబ్. రెండోదానికి రిపోర్ట్ స్పామ్. మూడోదానికి రిపోర్ట్ ఫిషింగ్, ఆపైన ఫిర్యాదు. రెండు, మూడు కుప్పల మెయిళ్ల లోపల కనిపించే అన్‌సబ్‌స్క్రైబ్ లింకును మాత్రం ముట్టుకోవద్దు. నొక్కారంటే "ఈ అడ్రసులో మనిషి ఉన్నాడు, మెయిళ్లు చదువుతున్నాడు" అని మీరే కబురు పంపినట్టు. అలాంటి అడ్రసుకు సంతలో ధర పెరుగుతుంది.

ఒక సాయంత్రం కేటాయించండి

కంప్యూటర్ ముందు కూర్చోండి. ఫోన్ యాప్‌లో ఫిల్టర్లు తయారు చేయడం కుదరదు, మెయిల్ అసలు రూపం చూడటమూ కుదరదు. జీమెయిల్ ఎడమ పట్టీలో "మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్" అని ఉంటుంది. ఎవరెవరు మీకు తరచుగా పంపుతున్నారో వరసగా చూపిస్తుంది. పై నుంచి మొదలుపెట్టి, అక్కర్లేని ప్రతి పేరు పక్కనా అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కుకుంటూ రండి. ఆ పేజీ కనిపించకపోతే వెతికే పెట్టెలో అన్‌సబ్‌స్క్రైబ్ అనే మాటను ఇంగ్లిషులో కొట్టండి. ప్రచార మెయిళ్లన్నీ దాదాపు ఒకేచోటికి వస్తాయి.

మెయిల్ తెరిచినప్పుడు పంపినవారి పేరు పక్కనే జీమెయిల్ చూపించే అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ ఉంటే దాన్నే వాడండి. మెయిల్ అడుగున చీమంత అక్షరాల్లో ఉండే లింకు కన్నా అది మేలు. 2024 నుంచి గూగుల్, యాహూ ఒక నియమం పెట్టాయి. జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపే ఎవరైనా ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇవ్వాలి, అడిగిన రెండు రోజుల్లో ఆపాలి. కాబట్టి నాలుగో రోజున కూడా అదే షాపు నుంచి మెయిల్ వచ్చిందంటే మొహమాటం అక్కర్లేదు, దాన్ని రెండో కుప్పలోకి తోసేయండి.

పాత మెయిళ్ల సంగతి సులువు. పంపినవారి పేరుతో వెతికి, అన్నీ ఎంచుకుని, ఒకేసారి డిలీట్ చేయండి. మా తమ్ముడి ఆరు వేలు నలభై నిమిషాల్లో మూడు వందలయ్యాయి.

డిలీట్ చేసి ఊరుకోవద్దు

చాలామంది చేసే పొరపాటు ఇదే. చెత్త మెయిల్ రాగానే డిలీట్ చేసి, పని అయిపోయిందనుకుంటారు. డిలీట్ చేస్తే మీ కళ్ల ముందు నుంచి పోతుంది, అంతే. రిపోర్ట్ స్పామ్ నొక్కితే ఫిల్టర్ నేర్చుకుంటుంది. ఏ సర్వర్ నుంచి వచ్చింది, ఏ లింకులు ఉన్నాయి, ఏ మాటలు వాడారు అన్నీ లెక్కలోకి వెళతాయి. రేపు అదే మెయిల్ వైట్‌ఫీల్డ్‌లో ఇంకొకరికి వచ్చేసరికి నేరుగా స్పామ్‌లో పడే అవకాశం పెరుగుతుంది.

ఈ బటన్‌కు ఎంత బలముందో అంకెలో చెబుతాను. ఇందాక చెప్పిన నియమాల్లోనే ఇంకొకటుంది: పెద్దమొత్తంలో పంపేవాళ్ల మెయిళ్లపై వచ్చే స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతాన్ని తాకకూడదు. అంటే వెయ్యి మెయిళ్లకు ముగ్గురు రిపోర్ట్ చేస్తే చాలు, ఆ పంపినవాడి మెయిళ్లు ఇన్‌బాక్స్‌ల దాకా చేరడమే కష్టమవుతుంది. ఈ అంకె దాటిన రోజున మార్కెటింగ్ వాళ్లు మా దగ్గరికి పరుగెత్తుకుంటూ వస్తారు. ఆ కంగారు నేను కళ్లారా చూశాను. అందుకే చెబుతున్నాను, మీ ఒక్క నొక్కు వృథా పోదు.

బ్లాక్ అనేది వేరే పని. ఆ ఒక్క అడ్రసు నుంచి వచ్చేవి మాత్రమే స్పామ్‌లోకి వెళతాయి. స్పామర్లు రోజుకో అడ్రసు మారుస్తారు కాబట్టి వాళ్ల మీద అది పనిచేయదు. వదలకుండా వెంటపడే కోర్సు కౌన్సెలర్ లాంటివాళ్లకు పనికొస్తుంది.

ఉద్యోగం వెతుకుతున్నవాళ్లు దీని రెండో వైపు కూడా చూసుకోవాలి. ఫిల్టర్ అప్పుడప్పుడు మంచి మెయిల్‌నూ స్పామ్‌లో వేస్తుంది. అక్కడ పడ్డది 30 రోజుల తర్వాత తనంతట తానే చెరిగిపోతుంది. కాబట్టి రోజూ రాత్రి ఒకసారి స్పామ్ ఫోల్డర్ తెరవండి. మంచిది కనిపిస్తే నాట్ స్పామ్ నొక్కండి. మీరు దరఖాస్తు పెట్టిన ప్రతి కంపెనీ డొమైన్ (మెయిల్ అడ్రసులో ఎట్ గుర్తు తర్వాతి భాగం) పేరుతోనూ ఒక ఫిల్టర్ చేసి, "నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్" అన్నదానికి టిక్కు పెట్టి, ఉద్యోగం అనే లేబుల్ తగిలించండి. ఇంటర్వ్యూ అనే మాట మీద ఫిల్టర్ పెట్టకండి. ఆ మాట మనకన్నా దొంగలే ఎక్కువ వాడతారు.

ఇంకో చిన్న పని. సెట్టింగ్స్‌లో ఇమేజెస్ దగ్గర "ఆస్క్ బిఫోర్ డిస్‌ప్లేయింగ్" ఎంచుకోండి. చాలా ప్రచార మెయిళ్లలో కంటికి కనిపించని ఒక చుక్కంత బొమ్మ ఉంటుంది. మెయిల్ తెరవగానే అది పంపినవాడి సర్వర్ నుంచి దిగుతుంది, మీరు తెరిచినట్టు వాడికి తెలిసిపోతుంది. బొమ్మలు ఆపితే ఆ కబురు ఆగుతుంది.

అడ్రసు ఎక్కడ కారుతోందో పట్టుకోండి

ఈ ఊళ్లో అడ్రసు అడగని చోటు లేదు. మాల్‌లో బిల్లు వేసేటప్పుడు, లక్కీ డ్రా పెట్టె దగ్గర, పీజీ రిజిస్టర్‌లో, బీటీఎం, మారతహళ్లి సందుల్లోని శిక్షణ సంస్థల ఉచిత డెమో క్లాసు ఫారంలో, అన్నిచోట్లా ఫోన్ నంబరు పక్కన మెయిల్ గడి ఉంటుంది. అన్నీ నింపాలన్న రూలేమీ లేదు. ఖాళీ వదిలి చూడండి, చాలాచోట్ల ఎవరూ అడగరు.

ఇవ్వక తప్పనిచోట ప్లస్ గుర్తు వాడండి. మీ జీమెయిల్ పేరు తర్వాత, ఎట్ గుర్తుకు ముందు, ప్లస్ పెట్టి ఒక మాట చేర్చవచ్చు. ఏం చేర్చినా మెయిల్ మీకే వస్తుంది. షాపుకు ఇచ్చేటప్పుడు ప్లస్ షాపు, కోర్సుకు ఇచ్చేటప్పుడు ప్లస్ కోర్సు అని ఇవ్వండి. నేను ఒక శిక్షణ సంస్థకు అలాగే ఇచ్చాను. రెండు నెలలకు ఆ ప్లస్ అడ్రసుకే లోన్ ఆఫర్లు, స్థలాల ప్రకటనలు మొదలయ్యాయి. నా అడ్రసు ఎవరి చేతి నుంచి జారిందో అనుమానం లేకుండా తెలిసింది. ఆ అడ్రసుకు వచ్చేవన్నీ చెత్తబుట్టలో వేసే ఫిల్టర్ పెట్టాను, ఆ సంస్థకు ఫోన్ చేసి నా వివరాలు తీసేయమని గట్టిగా అడిగాను.

కొన్ని వెబ్‌సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు. అందుకని రెండో జీమెయిల్ ఖాతా ఒకటి తెరిచి ఉంచుకోండి. కొనుగోళ్లు, కూపన్లు, డెమోలు అన్నీ దానికి. అసలు ఖాతా బ్యాంకుకు, ఆధార్‌కు, ఉద్యోగానికి, ఇంటివాళ్లకు మాత్రమే.

దొంగ మెయిల్‌ను విప్పి చూడటం

పోస్టు కవరు మీద "పంపినవారు" అనే చోట ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయవచ్చు. పోస్టుమాస్టర్ అడగడు. మెయిల్ కూడా మొదటి నుంచీ అలాగే తయారైంది. పైన కనిపించే పేరు సాక్ష్యం కాదు. సాక్ష్యం లోపలి పేజీలో ఉంటుంది.

కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కల్లో "షో ఒరిజినల్" నొక్కండి. పైన మూడు వరసలు కనిపిస్తాయి: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. ఎస్‌పీఎఫ్ అంటే ఆ సంస్థ తరఫున పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో చెప్పే జాబితా. డీకిమ్ అంటే ఉత్తరానికి వేసిన లక్క ముద్ర, దారిలో ఎవరైనా మారిస్తే చెదిరిపోతుంది. ఈ రెండూ పైన కనిపించే పేరుతో సరిపోలకపోతే ఏం చేయాలో ఆ సంస్థ ఇచ్చిన ఆదేశమే డీమార్క్. బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌లో డీమార్క్ పక్కన ఫెయిల్ అని ఉంటే దాన్ని ముట్టుకోకండి.

పాస్ అని ఉన్నంత మాత్రాన నమ్మేయవద్దు. ఏ డొమైన్‌కు పాస్ అయిందో చదవండి. దొంగ తనే ఒక డొమైన్ కొనుక్కుని, మూడు ముద్రలూ సక్రమంగా వేసి పంపగలడు. పేరు చదివేటప్పుడు కుడి నుంచి ఎడమకు రండి. చివరి డాట్ కామ్‌కు ఆనుకుని ఎడమ పక్క ఉన్న మాటే అసలు యజమాని. కంపెనీ పేరు మొదట ఉండి, హైఫన్ తర్వాత కెరీర్స్ అనో హెచ్‌ఆర్ అనో చేరిస్తే అది పూర్తిగా వేరే డొమైన్. ఇంగ్లిషు చిన్నబడిలో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్‌లా కనిపిస్తాయి, అదీ చూసుకోండి. బ్యాంకుల విషయంలో ఒక మేలు జరిగింది. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో బ్యాంకులు 2025 అక్టోబరు 31 గడువుగా తమ వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ పేరుకు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ పేరు బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

మన పిల్లలను ఈ ఊళ్లో ఎక్కువగా దెబ్బతీసేది ఆఫర్ లెటర్ మోసం. లోగో ఉంటుంది, సంతకం ఉంటుంది, జీతం అంకె నోరూరిస్తుంది. చివర్లో లాప్‌టాప్ డిపాజిట్ అనో, శిక్షణ రుసుము అనో, పత్రాల పరిశీలన ఖర్చు అనో కొన్ని వేలు కట్టమంటారు, తర్వాత తిరిగి ఇస్తామంటారు. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు, డబ్బు అడగడు. ఇక్కడ ఉన్నవాళ్లకు ఒక వసతి ఉంది: చాలా కంపెనీల ఆఫీసులు ఒక బస్సు దూరంలోనే ఉంటాయి. మా తమ్ముడికి అలాంటి మెయిల్ వచ్చినప్పుడు 335ఈ బస్సు ఎక్కి ఐటీపీఎల్ టెక్ పార్కు దాకా వెళ్లాడు, రిసెప్షన్‌లో ఆ కాగితం చూపించాడు. అలాంటి పేరు గల హెచ్‌ఆర్ తమ దగ్గర లేరని చెప్పారు. బస్సు టికెట్టుతో, దొంగలు అడిగిన పద్దెనిమిది వేలు మిగిలాయి.

ఇంకోరకం మెయిల్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది వచ్చినవాళ్లు సిగ్గుతో ఎవరికీ చెప్పరు. "నీ కెమెరాలో నిన్ను రికార్డు చేశాం, బిట్‌కాయిన్ పంపకపోతే అందరికీ పంపుతాం" అని ఉంటుంది. నమ్మించడానికి మీ పాత పాస్‌వర్డ్ కూడా రాస్తారు. అది మీ కంప్యూటర్‌లోంచి తీసింది కాదు. ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ నుంచి దొంగిలించిన జాబితాలోది. ఒకే ఉత్తరాన్ని లక్షల మందికి పంపుతారు. డబ్బు పంపకండి, జవాబు ఇవ్వకండి. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013లో మొదలుపెట్టిన హావ్ ఐ బీన్ పోన్డ్ వెబ్‌సైట్‌లో మీ అడ్రసు కొట్టి చూస్తే ఏయే దొంగతనాల్లో అది బయటపడిందో చెబుతుంది. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నారో అన్నిచోట్లా మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. భయంగా ఉంటే అక్కకో, అన్నకో, రూమ్మేట్‌కో చెప్పండి. ఒంటరిగా కూర్చుని కుమిలిపోవద్దు.

ఒక్కసారిగా వందల మెయిళ్లు వచ్చి పడితే

గంటలో వందల కొద్దీ న్యూస్‌లెటర్లు, తెలియని భాషల్లో స్వాగతాలు వచ్చి పడుతుంటే ఊడవడం మొదలుపెట్టకండి. ఆ గుట్ట కింద దాచాల్సింది ఏదో ఉండే ఉంటుంది. మీ కార్డుతో ఎవరో ఏదో కొన్నారు, ఆ బ్యాంకు హెచ్చరిక మీ కంట పడకూడదని ఇవన్నీ కుమ్మరిస్తున్నారు. ముందు బ్యాంకు యాప్ తెరిచి ఖాతా, కార్డు చూడండి. తర్వాత మెయిల్‌లో ఓటీపీ, ఆర్డర్, పాస్‌వర్డ్ అనే ఇంగ్లిషు మాటలతో వెతకండి. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ దగ్గర, ఫిల్టర్ల దగ్గర మీరు పెట్టనిది ఏదైనా ఉందేమో కూడా చూడండి. ఖాతాలో దూరినవాడు మొదట చేసే పని అక్కడే.

ఎదురుదెబ్బ ఎక్కడ కొట్టాలి

కోపంతో తిట్టి జవాబు పంపాలనిపిస్తుంది. వద్దు. కవరు మీది పేరు దొంగది కాకపోవచ్చు, మీ తిట్లు ఏ పాపం ఎరగనివాడి ఇన్‌బాక్స్‌లో పడతాయి. మూకుమ్మడి ఎదురుదాడి కూడా ఒకసారి జరిగింది. ఇజ్రాయెల్‌కు చెందిన బ్లూ సెక్యూరిటీ అనే సంస్థ బ్లూ ఫ్రాగ్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. స్పామ్ వచ్చిన ప్రతిసారీ అది ప్రకటనదారు వెబ్‌సైట్‌కు "ఆపండి" అనే విన్నపం పంపేది. లక్షల మంది చేరారు. 2006 మేలో స్పామర్లు ఆ సంస్థ సర్వర్ల మీద పెద్ద దాడి చేశారు, సభ్యులను మెయిళ్లతో బెదిరించారు. ఆ నెలలోనే సంస్థ సేవ మూసేసింది.

గెలిచిన దెబ్బ వేరే రకంది. 2008 నవంబరులో కాలిఫోర్నియాలోని సర్వర్లు అద్దెకిచ్చే మెక్‌కోలో అనే హోస్టింగ్ సంస్థకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు, అది స్పామర్లకు చోటిస్తోందన్న సాక్ష్యాలు చూసి తీగ కత్తిరించాయి. ప్రపంచం మొత్తం మీద స్పామ్ రాత్రికి రాత్రి సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలల్లో మళ్లీ పెరిగిన మాట నిజమే. కానీ దొంగను కాకుండా దొంగకు గది అద్దెకిచ్చినవాణ్ణి నిలదీస్తే ఫలితం ఉంటుందని తేలింది. మనం చేయాల్సిందీ అదే.

స్పామ్ మీద ఫిర్యాదులు తీసుకునే స్పామ్‌కాప్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. షో ఒరిజినల్ పేజీలోని మొత్తం పాఠాన్ని కాపీ చేసి అక్కడ అతికిస్తే, అది నిజంగా ఏ నెట్‌వర్క్ నుంచి బయలుదేరిందో తేల్చి, ఆ నెట్‌వర్క్ వాళ్లకు ఫిర్యాదు పంపుతుంది. మెయిల్‌లోని లింకు మోసపు వెబ్‌సైట్‌కు వెళితే, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ లుకప్ పేజీలో ఆ డొమైన్ పేరు కొట్టండి. దాన్ని అమ్మిన రిజిస్ట్రార్ ఎవరో, ఫిర్యాదుల అడ్రసు ఏమిటో వస్తుంది. డాట్ కామ్ లాంటి డొమైన్లు అమ్మే రిజిస్ట్రార్లు ఫిషింగ్‌కు సరైన సాక్ష్యం చూపితే చర్య తీసుకోవాలని 2024 ఏప్రిల్ నుంచి ఒప్పందంలోనే ఉంది. గూగుల్ సేఫ్ బ్రౌజింగ్‌కు కూడా ఆ లింకు ఇవ్వండి. వాళ్లు ఒప్పుకుంటే బ్రౌజర్లలో ఎర్ర హెచ్చరిక వస్తుంది.

ఇలాంటి ఫిర్యాదులు చదివే కుర్చీలో నేను కూర్చున్నాను కాబట్టి ఒక మాట. పేజీల కొద్దీ ఆవేదన రాస్తే మాకు చేయడానికేమీ ఉండదు. స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపినా అంతే. మొత్తం హెడర్ (షో ఒరిజినల్ పేజీలో మెయిల్ పైన ఉండే వివరాలు), లింకు, వచ్చిన సమయం, ఏ సంస్థ వేషం వేశారో ఒక్క వాక్యం, ఇవి ఉంటే పది నిమిషాల్లో పని జరుగుతుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ పేరుతో వచ్చినవాటిని వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌కు ఫార్వర్డ్ చేయమని ఆ శాఖే చెబుతోంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు, అంటే ఇన్సిడెంట్ ఎట్ సెర్ట్-ఇన్ డాట్ ఆర్గ్ డాట్ ఇన్‌కు, కూడా ఒక ప్రతి పంపండి.

చట్టం సంగతి కొస్తే, అమెరికాలో 2003లో వచ్చినట్టు స్పామ్ మెయిళ్లకే ప్రత్యేకమైన చట్టం మనకు లేదు. విసిగించే మెయిళ్ల ప్రస్తావన ఉన్న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ప్రచార కాల్స్ వద్దని 1909కు ఇచ్చే డీఎన్‌డీ ఫోన్లకు, ఎస్ఎంఎస్‌లకే, మెయిళ్లకు వర్తించదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే హక్కు ఇస్తోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ హక్కుతో సహా ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. వేరొకరి వేషంలో మోసం చేయడం మాత్రం ఇప్పుడే నేరం: 66డీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

డబ్బు పోయి ఉంటే ఇవేవీ ముందు కాదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. ఎంత త్వరగా చెబితే డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని మాట్లాడండి. ఆపైన జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నింపి, రాష్ట్రం కర్ణాటక అని ఎంచుకోండి. బెంగళూరులో ఈ కేసులు చూసేవి సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాల) పోలీస్ స్టేషన్లు. కన్నడ రాదని వెనకాడకండి, ఫిర్యాదు ఇంగ్లిషులో రాసి ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ కన్నడలో ఉంటే చదివి వినిపించమని అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

వెళ్లేముందు షో ఒరిజినల్ పేజీలో "డౌన్‌లోడ్ ఒరిజినల్" నొక్కి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. మెయిల్‌ను ఎంత అసహ్యంగా ఉన్నా డిలీట్ చేయవద్దు. అది స్పామ్ ఫోల్డర్‌లో ఉంటే 30 రోజులకు సాక్ష్యం చెరిగిపోతుంది కాబట్టి బయటికి తీసి, కేసు అనే లేబుల్ కింద పెట్టి, ఫిర్యాదు నంబరును అక్కడే రాసుకోండి.